సుభాషితముల సముద్రయానము

గ్రామమున ఇరుపక్షముల వారికి వాదము ముదిరినపుడు వయోవృద్ధు డొకడు లేచి ఒక పద్యమును చదివి కూర్చుండును. అది వినబడినంతనే కోపముతో నున్నవాడు తల వంచుకొనును; తక్కినవారు ఔనౌనని తల యూపుదురు. గడియసేపు చెప్పినను తెగని మాట నాలుగు పాదములలో తెగిపోవును. ఇట్టి పలుకునకు మన పూర్వులు సుభాషితమని పేరు పెట్టిరి. చక్కగా చెప్పబడినదని దాని యర్థము. చెప్పబడిన విషయము క్రొత్తది కానక్కరలేదు. లోభి సుఖపడడనియు, వయస్సు నిలువదనియు, మూర్ఖునికి బోధించుట కష్టమనియు ఎవరికి తెలియదు? తెలిసిన దానినే మరువరానట్లు చెప్పుట సుభాషితకారుని పని.

శ్రోతలారా! అట్టి పలుకులు ఎట్లు పుట్టునో చెప్పుట అలంకారశాస్త్రవేత్తల వంతు. ఎట్లు నిలిచినవి, ఏ చేతులనుండి ఏ చేతులకు పోయినవి, ఏవి మార్గమధ్యమున జారిపోయినవి అను విషయము చరిత్రకు సంబంధించినది. నేటి ప్రసంగమున ఆ చరిత్రలో ఒక భాగమును మీకు విన్నవింప దలచితిని. భర్తృహరి సుభాషితములు ఇందు ముఖ్యము. ఏలయన, మన తెలుగు సీమకు పొరుగున నున్న ఒక సముద్రతీరమునుండియే అవి మొట్టమొదట ఓడనెక్కి ఐరోపాఖండమునకు పోయినవి. ఈ సంగతి మనలో పెక్కండ్రకు తెలియదు.

సుభాషితములను ఏరి కూర్చుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. శాతవాహన రాజైన హాలుని పేర ప్రాకృతభాషలో గాథాసప్తశతి యను గ్రంథ మొకటి కలదు. కోటి గాథలనుండి 700 గాథలను ఏరినట్లు ఆ గ్రంథమందే చెప్పబడినది. కోటి యన్నది కవుల లెక్క కావచ్చును గాని, ఏరుట మాత్రము నిజము. అందలి పాత్రలు రాజులు గారు, దేవతలు గారు. సేద్యగాండ్రు, వారి యిల్లాండ్రు, దూరదేశమునకు పోయిన భర్తకై యెదురు చూచువారు, అత్తకు భయపడు కోడండ్రు. అనురాగమును గూర్చి, అలుకను గూర్చి, ఎడబాటును గూర్చి ఇంత తక్కువ మాటలలో ఇంత చెప్పిన గ్రంథము మరియొకటి దొరకుట కష్టము.

ఆ సప్తశతిని శ్రీనాథ మహాకవి ప్రాయమున తెనిగించెను. ఆ సంగతి ఆయనయే చెప్పుకొనినాడు. కాని ఆ తెలుగు గ్రంథము నేడు మనకు లేదు. శ్రీనాథుని వంటి కవిసార్వభౌముడు వ్రాసిన గ్రంథమే పోయినది! తాటాకునకు ఆయువు తక్కువ. చెదలు, తేమ, అగ్ని, అశ్రద్ధ అను నాలుగు శత్రువులను తప్పించుకొని ఆకు బ్రదుకవలెనన్న, కొంతకాలమున కొకసారి ఎవరో ఒకరు దానిని తిరిగి వ్రాయవలెను. ఎవ్వరును వ్రాయని గ్రంథము, ఎవ్వరి నోటను నిలువని పద్యము, రచయిత యెంత గొప్పవాడైనను నశించును. ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొని తక్కిన కథను వినవలెను.

తెలుగున నీతివాక్యములను ఏర్చి కూర్చిన వారిలో మడికి సింగన ప్రసిద్ధుడు. ఈయన క్రీ. శ. 15వ శతాబ్దివాడు. నేటి తెలంగాణములోని రామగిరి యందు కందనమంత్రి ప్రాపున నుండి గ్రంథములు రచించెను. ఆయన సకలనీతిసమ్మతమను పేర తనకు పూర్వులైన తెలుగుకవుల నీతిపద్యములను విషయక్రమమున చేర్చెను. ఆ మూలగ్రంథములలో పెక్కులు తరువాత అదృశ్యమైనవి. సింగన యేరి పెట్టుకొనిన పద్యములే వానికి నేడు మిగిలిన గుర్తులు. మానవల్లి రామకృష్ణకవిగారు దీనిని సంపాదించి ముద్రింపించుటచేత మనకు దక్కినది. సంకలనకర్తను చిన్నచూపు చూచువారు ఈ సంగతిని గమనింతురు గాక!

ఇక భర్తృహరి మాట. ఆయన యెవరో, ఏ కాలమువాడో రూఢిగా చెప్పుటకు వీలులేదు. వాక్యపదీయమను వ్యాకరణశాస్త్రగ్రంథమును రచించిన భర్తృహరి యొకడు కలడు. క్రీ. శ. 671 మొదలు 695 వరకు దక్షిణ సముద్ర దేశములయందును మన దేశమందును సంచరించిన ఇత్సింగు అను చీనా యాత్రికుడు ఆ వైయాకరణుని గూర్చి వ్రాయుచు, ఆయన యేడుమారులు సన్న్యసించి యేడుమారులు మరల గృహస్థు డయ్యెననియు, తన కాలమునకు 40 ఏండ్లకు పూర్వము మరణించెననియు చెప్పినాడు. నేటి పండితులు ఆ కాలనిర్ణయమును అంగీకరింపరు. వైయాకరణుడు 5వ శతాబ్దివాడని వారి మతము. ఆయనయు శతకకర్తయు ఒక్కరే యనునది తేలని విషయము. అయినను ఏడుమారుల కథ శతకకర్తకు ఎంత చక్కగా అతికినదో చూడుడు! ఒక శతకమున లోకవ్యవహారము, ఒక శతకమున స్త్రీసౌందర్యమునకు వశుడైన వాని తహతహ, ఒక శతకమున అంతయు విడిచి అడవికి పోవలెనను ఆరాటము. ఒకే హృదయము మూడు వైపులకు లాగబడుచున్నట్లు తోచును.

మన పెద్దలు చెప్పుకొను ఫలము కథయు ఇట్టిదే. రాజైన భర్తృహరికి ఒకడు అమరత్వము నిచ్చు పండు నిచ్చెను. రాజు దానిని తన ప్రియురాలికిచ్చెను. ఆమె తాను వలచిన వానికి, అతడు తాను వలచిన మరియొకతెకు ఇచ్చిరి. తుదకు ఆ పండు తిరిగి రాజు చేతికే వచ్చెను. రాజు విరక్తుడై రాజ్యమును విడిచెను. ఇది చరిత్ర కాదు. నీతిశతకములోని ఒక్క శ్లోకమునకు వివరణముగా ఈ కథ పుట్టినదని పండితు లనేకులు తలచుచున్నారు. అయినను కథలో సత్యము లేకపోలేదు. మనము ప్రేమించువారు మరియొకరిని ప్రేమించుట మనుష్యలోకమున నిత్యము జరుగుచున్నదే. పద్యమునకు కథ తోడైనపుడు పద్యము మరింత గట్టిగా నిలుచును.

దక్షిణదేశమున ప్రచారమందున్న పాఠమున నీతిశతకము పది పద్ధతులుగా విభజింపబడి యున్నది. మూర్ఖపద్ధతి, విద్వత్పద్ధతి, మానశౌర్యపద్ధతి, అర్థపద్ధతి, దుర్జనపద్ధతి, సుజనపద్ధతి, పరోపకారపద్ధతి, ధైర్యపద్ధతి, దైవపద్ధతి, కర్మపద్ధతి. ఒక్కొక్క పద్ధతికి పది శ్లోకములు. వీధిబడిలో చదువుకొనిన బాలునికి ఈ క్రమము జ్ఞాపకముంచుకొనుట సులభము. మూర్ఖునితో నారంభించి కర్మతో ముగించుటయు ఆలోచింపదగినది. మొదట మనుష్యుని తెలివిలేనితనము. మధ్య సజ్జనుని గుణము. కడపట మనుష్యుని చేతిలో లేని విధి, దానికెదురుగా మనుష్యుడు చేయగల కర్మము.

ఈ త్రిశతిని తెలుగుకవులు ఒక్కరు గాక ముగ్గురు ప్రసిద్ధముగా తెనిగించిరి. 17వ శతాబ్దియందు ఎలకూచి బాలసరస్వతి జటప్రోలు సంస్థానమునకు చెందిన సురభి మల్లభూపాలుని పేర మల్లభూపాలీయమును రచించెను. పిమ్మట 18వ శతాబ్దియందు పుష్పగిరి తిమ్మనయు, ఏనుగు లక్ష్మణకవియు తెనిగించిరి. లక్ష్మణకవి పూర్వుల యింటిపేరు పైడిపాటివారనియు, పెద్దాపుర సంస్థానమున ఏనుగును బహుమానముగా పొందుటచేత ఏనుగువారైరనియు చెప్పుదురు. బాలసరస్వతి పాండిత్యము గొప్పది. తిమ్మన శైలి మృదువైనది. కాని జనుల నోట నిలిచినవి ఎక్కువగా లక్ష్మణకవి పద్యములే. నేడు వానిని చదువువారిలో పలువురకు అవి అనువాదములను తలంపే కలుగదు. తెలుగువాడు తెలుగువానికి చెప్పినట్లే యుండును. భాషాంతరీకరణమునకు ఇంతకు మించిన ప్రశంస లేదు.

ఇక సముద్రతీరమునకు పోదము. నెల్లూరు సీమకు దక్షిణమున పులికాటు సరస్సు కలదు. దానిని తెలుగువారు ప్రళయకావేరి యనియు పిలిచెదరు. సరస్సులో ఎక్కువభాగము నేడు ఆంధ్రప్రదేశమందున్నది. ఆ పేరుగల పట్టణము తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో నున్నది. మన పెద్దలు ఒలందావారని పిలిచిన డచ్చివారు 1606లో మచిలీపట్టణమునను నిజాంపట్టణమునను వర్తకశాలలు పెట్టిరి. 1610లో పులికాటునకు వచ్చిరి. 1613లో అచ్చట గెల్డ్రియా యను కోటను కట్టిరి. అప్పుడా సీమ చంద్రగిరి, వేలూరులనుండి పాలించిన విజయనగర రాజుల యేలుబడిలో నుండెను. మన తీరమున నేసిన బట్టలను కొని తూర్పుదీవులకు పంపి, అచ్చట వానికి మారుగా సుగంధద్రవ్యములను తీసికొనుట ఆ వర్తకుల ముఖ్యవ్యాపారము. మనుష్యులను గూడ బానిసలుగా కొని ఆ యోడలలోనే తరలించిన దుష్కృత్యమును చరిత్ర మరువదు.

ఆ కోటలోని డచ్చివారికి మతగురువుగా 1630 ప్రాంతమున అబ్రహాము రోజరు అను నాతడు వచ్చెను. సుమారు పదేండ్లు పులికాటున నుండెను. అతడు తన పనితో తృప్తి చెందక, తన చుట్టునున్న జనుల ఆచారములను, విశ్వాసములను తెలిసికొనగోరెను. అతనికి పద్మనాభుడను బ్రాహ్మణుడు లభించెను. రోజరునకు సంస్కృతము రాదు. పద్మనాభునికి డచ్చిభాష రాదు. అయినను వారికి సంభాషణము జరిగెను. అది యెట్లు? బుడతకీచుల భాషలో! ఒలందావారికంటె ఒక శతాబ్దికి ముందు వచ్చిన బుడతకీచుల భాష అప్పటికి తీరమంతట వర్తకభాషయై యుండెను. అది ఇరువురకును సొంతము కాని భాష. ఆ అరువుమాటలతోనే పద్మనాభుడు బ్రాహ్మణుల జాతకర్మము మొదలు అంత్యకర్మము వరకు గల ఆచారములను చెప్పెను. భర్తృహరి శ్లోకముల తాత్పర్యమును గూడ చెప్పెను. రోజరు దానిని డచ్చిభాషలో వ్రాసికొనెను.

రోజరు పిమ్మట బటేవియాకు పోయి, అచ్చటినుండి స్వదేశమునకు మరలి, 1649లో మరణించెను. గ్రంథమును అచ్చులో చూచు భాగ్యము అతనికి లేకపోయెను. అతని భార్య ఆ కాగితములను పోనీయక 1651లో లైడెను పట్టణమున ముద్రింపించెను. మరుగుపడి యున్న మతమునకు తెరచిన తలుపు అని అర్థమిచ్చు పేరు దానికి పెట్టబడెను. ఆ గ్రంథమున భర్తృహరి సూక్తులు 200 కలవు. వైరాగ్యశతకము, నీతిశతకము. మూడవదైన శృంగారశతకము లేదు. పద్మనాభుడు దానిని వివరింప నిష్టపడలేదని పండితులు చెప్పుదురు. అన్యదేశీయుడైన మతగురువునకు, అదియును అరువుభాషలో, స్త్రీపురుషుల అనురాగమును వర్ణించి చెప్పుటకు ఆ బ్రాహ్మణునికి సంకోచము కలిగె ననుకొన్నచో ఆశ్చర్యము లేదు. కాని దాని ఫలితమును చూడుడు. భర్తృహరి మొదట ఐరోపీయులకు వ్యవహారజ్ఞుడుగను, విరాగిగను మాత్రమే తెలిసెను. ప్రేమికుడైన భర్తృహరి పులికాటు రేవుననే నిలిచిపోయెను.

ఆ 1651నాటి గ్రంథమే సంస్కృతకావ్యమును ఐరోపాభాషలోనికి తెచ్చిన వానిలో మొదటిదిగా పరిగణింపబడుచున్నది. విల్కిన్సు అను నాంగ్లేయుడు భగవద్గీతను ఆంగ్లీకరించినది 1785లో; దానికిది 134 సంవత్సరములు ముందు. రోజరు గ్రంథము 1663లో జర్మనుభాషలోనికిని, 1670లో ఫ్రెంచిభాషలోనికిని మార్చబడెను. 18వ శతాబ్ది చివర హెర్డరు అను ప్రసిద్ధ జర్మను పండితుడు తన గ్రంథమున బ్రాహ్మణుల తలంపులను పేర కొన్ని సూక్తులను పద్యములుగా చేసి చేర్చెను. అనగా సంస్కృతశ్లోకము బుడతకీచు మాటగా, ఆ మాట డచ్చివచనముగా, ఆ వచనము జర్మనువచనముగా, తుదకు జర్మనుపద్యముగా మారినది. మూలమునందలి వృత్తము పోయినది. శబ్దాలంకారము పోయినది. శ్లేష పోయినది. ఇన్ని పోయినను, ఎన్నడును మన దేశమును చూడనివారు ఆ పలుకులను చదివి, ఇది మా సంగతియే యని తలంచుటకు వలసినంత మిగిలినది. మూర్ఖుడు లేని దేశము లేదు. ధనమును చూచి బంధువులైన వారు లేని ఊరు లేదు. ముసలితనము రాని మనుష్యుడు లేడు.

తరువాతి కథను సంగ్రహముగా చెప్పెదను. 1804లో కేరీ అను క్రైస్తవ బోధకుడు వంగదేశమందలి శ్రీరామపురమున హితోపదేశముతో పాటు భర్తృహరి త్రిశతిని మూలమునందే అచ్చువేయించెను. 1833లో బోలెను అను పండితుడు బెర్లిను నగరమున మూలమును లాటిను అనువాదముతో ప్రకటించెను. 1898లో అమెరికాదేశమున పాల్ ఎల్మర్ మోర్ అను విమర్శకుడు నూరు సూక్తులను ఆంగ్లపద్యములుగా వెలువరించెను. మన దేశమున 1948లో దామోదర ధర్మానంద కోశాంబి, వృత్తిచేత గణితశాస్త్రజ్ఞుడై యుండియు, 377 వ్రాతప్రతులను పోల్చి చూచి పరిష్కృతపాఠమును ప్రకటించెను. త్రిశతి యనగా 300 శ్లోకములు గదా! కాని ప్రతులన్నిటను కలిపి చూడగా అంతకు రెట్టింపునకు మించిన శ్లోకములు భర్తృహరి పేర తేలినవి. ఇంచుమించుగా అన్ని పాఠములందును కనబడునవి 200 మాత్రమే. తక్కినవి ఎవరివి? లేఖకులు, పండితులు, ఉపాధ్యాయులు తమకు నచ్చిన మంచిమాట దొరకినపుడెల్ల దానిని భర్తృహరి సంచిలో వేసిరి.

ఇది భర్తృహరి కొక్కనికే పట్టిన గతి కాదు. మన వేమనను చూడుడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించినపుడు వాని సంఖ్య 693. 1839లో తిరిగి ప్రకటించినపుడు 1,164. తరువాతి ముద్రణములలో ఆ సంఖ్య ఇంకను పెరిగినది. వేమన మకుటమును తగిలించినచో ఎవరి పద్యమైనను వేమనదే యగును. తన పేర చెప్పినచో వినని లోకము వేమన పేర చెప్పిన వినునని తలచిన అజ్ఞాతకవు లెందరో! వారు కీర్తిని వదలుకొని మాటను బ్రదికించుకొనిరి. ఇందు ఒక ఔదార్యము కలదు. కాని ఒక నష్టమును కలదు. ఎవరు చెప్పినదో తెలియనిచో, ఎప్పుడు, ఎందుకు చెప్పినదో గూడ తెలియదు. సందర్భము పోయిన పలుకు అందరి చేతిలోను ఆయుధమగును. చెప్పినవాని భావమునకు విరుద్ధముగా గూడ ప్రయోగింపబడును. స్త్రీలను, తక్కువవారని తలచిన కులములను నిందించు పద్యములను పెద్దల పేర చెలామణి చేసినవారు లేకపోలేదు.

కావున ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన విషయములు మూడు కనబడుచున్నవి. మొదటిది: సుభాషితమును బ్రదికించువాడు కవి యొక్కడే గాడు. ఏరిన సింగన, తెనిగించిన లక్ష్మణకవి, వివరించిన పద్మనాభుడు, కాగితములను భద్రపరచి అచ్చువేయించిన రోజరు భార్య, ప్రతులను పోల్చిన కోశాంబి, వీరందరును దానికి ఆయువు పోసినవారే. శ్రీనాథుని సప్తశతికి ఇట్టివారు కరవైనందుననే అది మనకు లేకపోయినది.

రెండవది: ఎవరు చెప్పినదో చెప్పుట ధర్మము. రోజరు మనవారి మతమును తన మతదృష్టితోనే చూచెను. మనకు రుచింపని మాటలు అతని గ్రంథమున నున్నవి. అయినను తనకు చెప్పినవాడు పద్మనాభుడని పేరు వ్రాసెను. అందుచేతనే ఆ పురుషుని మనము నేడు స్మరించుచున్నాము. పరదేశీయులకు మన విద్యలను బోధించిన పండితు లెందరో ఆ భాగ్యమునకు నోచుకొనలేదు. పద్యమును చదువునపుడు ఇది ఏనుగు లక్ష్మణకవిదని, ఇది వేమన పేర చెప్పబడుచున్నదని రెండు మాటలు చేర్చుట వలన నష్టము లేదు. చెప్పినవానికి ఋణము తీరును.

మూడవది: గ్రంథములు అచ్చయినవి గదా, ఇక జ్ఞాపకముతో పని యేమి యను మాట సరికాదు. గ్రంథమున పద్య ముండును. దానిని చదువవలసిన సమయము ఉండదు. అన్నదమ్ములు పాలు పంచుకొనునపుడు ఏది చదువవలెనో, కూతురు అత్తవారింటికి పోవునపుడు ఏది చదువవలెనో, పంట పోయిన రైతునొద్ద ఏది చదువరాదో, ఈ విజ్ఞానము ఏ ముద్రాలయమునను అచ్చు కాలేదు. అది మీ వంటి పెద్దలయొద్ద మాత్రమే కలదు. మీ ప్రాంతమున మాత్రమే వినబడు చాటువులు, నానుడులు ఇంకను ఎన్నియో యుండును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూరను నోటనున్న చాటుపద్యములను చేర్చి చాటుపద్యమణిమంజరిగా వెలువరించినందుననే వానిలో పెక్కులు నేడు మనకు మిగిలినవి. ఆ పని పూర్తియైనదని తలపరాదు. ఇంటనున్న పిల్లవానిని ఒకనిని కూర్చుండబెట్టుకొని, మీకు వచ్చిన పద్యములను చెప్పి వ్రాయింపుడు. పద్యముతోపాటు, అది మీకెవరు చెప్పిరో, ఏ సందర్భమున చెప్పిరో గూడ వ్రాయింపుడు.

ఒలందావారి కోట 19వ శతాబ్ది ఆరంభముననే పడగొట్టబడెను. పులికాటున నేడు మిగిలినవి వారి సమాధులు. వారు మోసికొనిపోయిన బట్టలు చిరిగిపోయినవి. సుగంధద్రవ్యములు ఆనాడే వ్యయమైనవి. అరువుభాషలో ఇరువురు మనుష్యులు కూర్చుండి చెప్పుకొనిన 200 మాటలు మాత్రము ఇంకను చదువబడుచున్నవి.